మన ఇల్లు – మన చేతిపని: గోడవారన నిలిచే ఆటపెట్టె



ఇంటికి పనికివచ్చే వస్తువులను మన చేతులతో మనమే చేసుకోవడం గురించి ఈ శీర్షికలో చెప్పుకుంటున్నాం. ఈ నెల చెప్పబోయేది కొందరు పెద్దలకు ఆశ్చర్యం కలిగించవచ్చు. అది పిల్లలు నిలబడి ఆడుకునే వీడియో గేమ్ పెట్టె. “ఉన్న ఆటలు చాలక, ఇంకొకటి ఇంట్లోకి తెచ్చుకోవాలా?” అని మీరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. గనుక ముందు దానికే జవాబు చెప్పి, తరువాత కొలతల్లోకి వెళదాం.

ఆట ఇప్పటికే మన ఇళ్లలోకి వచ్చేసింది. రుద్రవరం వంటి ఊళ్లో కూడా పొలం నుంచి తిరిగివచ్చిన తండ్రి ఫోను మంచం మీద పెట్టగానే బిడ్డ దాన్ని అందుకుంటాడు. మూలకు వెళ్లి, గోడకు ఆనుకుని, తల వంచుకుని కూర్చుంటాడు. ఏమి ఆడుతున్నాడో తల్లికి కనబడదు. ఎంతసేపు ఆడాడో వాడికే తెలియదు. చెల్లెలు పక్కకు వస్తే భుజంతో తోసేస్తాడు, ఎందుకంటే అరచేతిలో పట్టే తెరలో ఇద్దరికి చోటు లేదు. ఇంకొంచెం పెద్దవారైన యౌవనస్థులలో కొందరు డబ్బు పందెం ఆటల వలలో పడి, ఇంటివారికి తెలియకుండా అప్పులపాలయ్యారు. అటువంటి ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లో చట్ట సవరణ ద్వారా నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. ఆట మీద అదుపు తప్పిపోవడాన్ని ఒక రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే తన వ్యాధుల పట్టికలో చేర్చింది.

చట్టం చేయగలిగింది చట్టం చేస్తుంది. మన పడసాలలో జరిగేదాన్ని మాత్రం మనమే సరిచేసుకోవాలి. ఫోను లాక్కోవడం ఒక మార్గం. ఆటకు ఇంట్లో అందరికీ కనబడే ఒక చోటు కేటాయించడం ఇంకొక మార్గం. రెండవది కొంచెం శ్రమతో కూడినది, కాని ఎక్కువకాలం నిలుస్తుందని మా నమ్మకం.

నాణెం చేసిన పని

ఈ పెట్టెల కథ 1972లో అమెరికాలో మొదలైందని చెప్పుకోవచ్చు. అంతకు ముందు సంవత్సరం ఒక యంత్రం వచ్చినా, జనం ఎగబడి ఆడినది ‘పాంగ్’ అనే ఆటనే. అటారీ కంపెనీలో అలన్ ఆల్‌కార్న్ అనే యువ ఇంజనీరు దానిని తయారుచేశాడు. అంగడిలో కొన్న మామూలు నలుపు తెలుపు టీవీని నాలుగడుగుల చెక్కపెట్టెలో బిగించి, సన్నీవేల్ అనే ఊళ్లో మద్యం అమ్మే ఒక చోట ప్రయోగానికి పెట్టారు. కొద్ది రోజులకే యంత్రం ఆడటం లేదని కబురు వచ్చింది. వెళ్లి తెరిచి చూస్తే చెడిపోయిందేమీ లేదు. నాణేలు నిండి పొర్లిపోవడం వల్ల ఆగిపోయింది.

తరువాత జపాను దేశం నుంచి 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’, 1980లో ‘పాక్‌మాన్’ వచ్చి లోకమంతా తిరిగాయి. 1990లలో మన పట్టణాలలో కూడా వీడియో గేమ్ పార్లర్లు వెలిశాయి. ఆ ఆటలన్నీ నాణెం కోసం తయారైనవి. అందుకే కొద్ది నిమిషాల్లోనే ఆటగాడు ఓడిపోయేలా, ఇంకో నాణెం వేయాలనిపించేలా వాటిని కూర్చారు. అందులో దురాశ ఉన్నది నిజమే. అయితే ఆ నాణెం తెలియకుండా ఒక మేలు కూడా చేసింది. జేబులో డబ్బులు అయిపోగానే పిల్లవాడు ఇంటిదారి పట్టేవాడు. వెనుక నిలబడినవాడికి వంతు వచ్చేది.

ఫోనులో నాణెం లేదు, వెనుక నిలబడినవాడూ లేడు. గనుక ముగింపూ లేదు. ఇంట్లో పెట్టుకునే పెట్టెలో నాణెం బదులు వంతును పెట్టాలి. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడేందుకు రెండు పిడులు, వెనుక నిలబడి చూసేవారికి చోటు, తల్లి వంట చేస్తూ తలెత్తితే కనబడే తెర – ఈ మూడూ ఉంటేనే ఈ పెట్టె చేయడంలో అర్థమున్నది.

పాత పెట్టెలు అంత లావు ఎందుకు?

పార్లర్లలో ఉన్న పెట్టె ఇంచుమించు ఆరడుగుల ఎత్తు, రెండడుగులకు పైగా వెడల్పు, రెండున్నర అడుగులకు పైబడి లోతు ఉండేది. దాన్ని కదిలించడానికి ఇద్దరు మగవాళ్లు కావలసి వచ్చేది. ఆ లోతంతా లోపలి గాజు గొట్టం కోసమే. పాతకాలపు టీవీ వెనుక డిప్ప ఎంత పొడుగుండేదో మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ఇప్పుడు తెరలు పలకల్లా పల్చబడ్డాయి గనుక ఆ లోతు అవసరం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంట్లో మూలపడిన పాత గొట్టం టీవీని ఈ పనికి విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా ఆ గొట్టంలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

మన లెక్కంతా రుద్రవరంలోని ఒక మామూలు పడసాలను దృష్టిలో పెట్టుకుని వేశాము. ఒక పక్క మంచం, ఒక పక్క వడ్ల బస్తాలు, నడుమ నడిచే దారి. గృహకూటం నాడు పదిహేను ఇరవై మంది చాపల మీద కూర్చోవాలి. ఇటువంటి చోట రెండున్నర అడుగుల పెట్టె అడ్డమే అవుతుంది. ఎనిమిది అంగుళాలదైతే గోడవారన ఒదిగిపోతుంది.

కొలతలు

పెట్టె ఎత్తు 60 అంగుళాలు, వెడల్పు 20, లోతు 8. నేల మీద పాదం మాత్రం గోడ నుంచి 18 అంగుళాలు ముందుకు రావాలి. చేతిపలక, అంటే పిడులూ మీటలూ ఉండే పలక, నేల నుంచి 36 అంగుళాల ఎత్తున ఉండి, దాని ముందంచు గోడ నుంచి 16 అంగుళాల వద్ద ఆగాలి. చేతిపలక వెడల్పు 24 అంగుళాలు, అంటే పెట్టెకు రెండు వైపులా రెండేసి అంగుళాలు బయటికి వస్తుంది. ఇద్దరు పిల్లలు మోచేతులు తగలకుండా ఆడటానికి ఇది సరిపోతుంది. పక్కనుంచి చూస్తే కిందా నడుమా రెండు నాలుకలు చాచిన సన్నని బీరువాలా కనబడుతుంది.

36 అంగుళాల ఎత్తు పదేళ్ల బిడ్డకూ, పొట్టిగా ఉన్న పెద్దవారికీ అనుకూలం. ఇంకా చిన్నవారికి పీట వేయండి. తెర నడుమ భాగం నేల నుంచి 46 అంగుళాల వద్ద ఉంటే పిల్లలు మెడ ఎత్తనక్కరలేదు.

తెరకు కొత్త టీవీ కొనవలసిన పని లేదు. కంప్యూటర్ సెంటర్లు తీసేసిన 19 అంగుళాల పాత మానిటర్, అంటే ఇంచుమించు చదరంగా ఉండే రకం, చాలా మేలు. పాత ఆటలు ఆ ఆకారపు తెర కోసమే చేసినవి. దాని కాలు విప్పేస్తే వెనుక నాలుగు మరల రంధ్రాలు చదరంగా కనబడతాయి. వాటికి ఒక చెక్కముక్క బిగించి, ఆ చెక్కను పెట్టెకు బిగించాలి. తెరను కొంచెం వెనక్కి, 15 డిగ్రీలు వాల్చాలి. పదమూడున్నర అంగుళాల ఎత్తున్న మానిటర్ అలా వాలితే మూడున్నర అంగుళాల లోతు తీసుకుంటుంది. మానిటర్ మందం రెండున్నర కలిపితే ఆరు. ఎనిమిది అంగుళాల పెట్టెలో తీగలకు ఇంకా రెండు మిగులుతాయి. ఎనిమిది కంటే తగ్గించవద్దని మేము చెప్పడానికి కారణం ఇదే.

సన్నగా చేయడం సులువే, నిలబెట్టడమే పని

తల్లిదండ్రులారా, ఈ ఒక్క భాగం మాత్రం రెండుసార్లు చదవండి.

ఎత్తయిన సన్నని వస్తువు పడిపోతుంది. పెట్టె బరువు మానిటర్‌తో కలిపి 25 కిలోలనుకుందాం. పాదం కూడా ఎనిమిది అంగుళాలే అయితే, చేతిపలకను పట్టుకుని మూడు కిలోల బరువంత బలంతో ముందుకు లాగినా అది బిడ్డ మీద పడుతుంది. మూడు కిలోల లాగుడు నాలుగేళ్ల పిల్లవాడికి కూడా చేతనవుతుంది. ఆట జోరులో పెద్దపిల్లలు పలక మీద బరువంతా మోపుతారు కూడా. పలక అంచు పాదం అంచును దాటి ముందుకు వచ్చిందా, ఆ బరువే పెట్టెను బోర్లా వేస్తుంది. అందుకే పలక 16 అంగుళాల వద్ద ఆగాలనీ, పాదం 18 దాకా రావాలనీ చెప్పాము. అప్పుడు ఎంత మోపినా ఆ బరువు పాదం లోపలే దిగుతుంది.

రెండవ కాపు బండ. మన జిల్లాలో బేతంచెర్ల బండలకు కొరత లేదు. ఇల్లు కట్టినవారి దొడ్లో రెండు ముక్కలైనా మిగిలి ఉంటాయి. 18 అంగుళాల పొడవు, 16 వెడల్పు, ముప్పావు అంగుళం మందం గల బండలు రెండు కోయించి, ఒకదాని మీద ఒకటి పాదంలో పరచండి. అవి సుమారు 18 కిలోలు తూగుతాయి. విశాలమైన పాదం, ఈ బండలు కలిసినప్పుడు పెట్టెను పడదోయడానికి మూడు కిలోలు కాదు, పన్నెండు కిలోలకు పైగా బలం కావాలి. నేల తుడిచేటప్పుడు నీళ్లు తగిలినా బండకు ఏమీ కాదు. పైగా ఆడేవారు కాలివేళ్లు దాని మీద ఆనించుకోవచ్చు.

పన్నెండు కిలోలు కూడా చాలవు. ఇరవై కిలోల పిల్లవాడు పలక పట్టుకుని వేలాడితే ఏమవుతుంది? గనుక మూడవ కాపుగా పెట్టె పైభాగాన్ని రెండు ఇనుప ఎల్-పట్టీలతో గోడకు బిగించాలి. సిమెంటు గోడైతే డ్రిల్లు చేసి ప్లగ్గులు దిగ్గొట్టి మరలు బిగించవచ్చు. పాత మిద్దె ఇంటి మట్టిగోడలో ప్లగ్గు నిలవదు. ఊడివస్తుంది. అటువంటి ఇంట్లో పెట్టెను స్తంభం పక్కన గాని, ద్వారబంధం పక్కన గాని నిలిపి, ఆ కొయ్యకే పట్టీలు బిగించండి. ఈ మూడు కాపులలో ఏ ఒక్కటి లేకపోయినా పిల్లలను దాని దగ్గరికి పోనివ్వవద్దు.

కొయ్య పని

నల్లమల పక్కనే ఉన్నాము గదా అని అడవి కలపకు ఆశపడవద్దు. అనుమతి లేని కలప కొనడం నేరం, పచ్చి కలప ఎండకు వంగిపోతుంది కూడా. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, నీటికి తట్టుకునే రకం, ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల షీటు ఒక్కటి చాలు. ఇంకా ముక్కలు మిగులుతాయి. ఆళ్లగడ్డలో గాని నంద్యాలలో గాని దుకాణంలోనే ముక్కలు కోయించుకుంటే అంచులు తిన్నగా వస్తాయి. ఇంటి దగ్గర వడ్రంగికి బిగింపు పని మాత్రమే మిగులుతుంది. కోసిన అంచులకు రెండు పూతలు రంగు వేయండి, తేమా చెదలూ మొదట పట్టేది అక్కడే. పాదం కింద రబ్బరు బిళ్లలు పెడితే చెక్క నేలకు తగలదు.

అయితే ప్లైవుడ్ కొనకముందే ఒక పని చేయండి. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి అడిగి తెచ్చి, ఇవే కొలతలతో కోసి, అంటించి, ఒక వారం పడసాలలో నిలబెట్టండి. తలుపుకు అడ్డమొస్తున్నదా? నాయనమ్మ రాత్రివేళ లేచి వెళ్లే దారిలో ఉన్నదా? మధ్యాహ్నం కిటికీ వెలుగు తెర మీద పడుతున్నదా? అట్ట చేతిపలక మీద పిల్లల చేతులు పెట్టించి చూడండి. అట్టను మార్చడానికి ఖర్చు లేదు.

చేతిపలకలో రంధ్రాలు వేసే ముందు మీటలు చేతికి రానివ్వండి. అవి 28 మిల్లీమీటర్లవీ ఉంటాయి, 30వీ ఉంటాయి. నొక్కితే ఇరుక్కునే రకం మీటలు 18 మిల్లీమీటర్ల చెక్కను పట్టుకోవు. వెనుక నట్టు తిప్పి బిగించే పొడవు మరల రకం అడిగి తీసుకోండి. పాత ఆటలకు ఒక్కొక్కరికి పిడి ఒకటి, మీటలు మూడు చాలు.

లోపలి సంగతి

పిడిలో నాలుగు చిన్న స్విచ్చులుంటాయి: పైకి, కిందికి, కుడికి, ఎడమకు. మీటకు ఒక్కొక్క స్విచ్చు. ప్రతి స్విచ్చు నుంచి రెండు తీగలు. ఒకటి అన్నిటికీ ఉమ్మడి, ఇంకొకటి దాని సొంతం. ఇవన్నీ ఒక చిన్న ఎన్‌కోడర్ బోర్డుకు చేరితే, అది యూఎస్‌బీ తీగ ద్వారా కంప్యూటరుకు కబురు చెబుతుంది. బడిలో బల్బూ బ్యాటరీ ప్రయోగం చేసిన ఎనిమిదో తరగతి బిడ్డ ఈ తీగలు కలపగలడు. ఆ పని వాడికే వదలండి.

కంప్యూటరుగా ఇంట్లో ఉన్న పాతదైనా సరే, అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై అయినా సరే. పిల్లలు కంప్యూటర్ విద్య నేర్చుకోవాలని ఇంగ్లాండులో కొందరు ఉపాధ్యాయులూ ఇంజనీర్లూ కలిసి చేసిన చిన్న కంప్యూటర్ అది. 2012లో విడుదలైంది. పాత మానిటర్‌కు కలపడానికి ఒక అడాప్టర్ కావలసి రావచ్చు.

కరెంటు విషయంలో జాగ్రత్త. 230 వోల్టుల తీగలన్నీ పెట్టె వెనుక పైభాగంలో, పిల్లల చేతికి అందని మూతలో ఉండాలి. చేతిపలకలోకి 5 వోల్టులు మాత్రమే రావాలి. మూడు కాళ్ల ప్లగ్గు, ఎర్త్ ఉన్న సాకెట్టు వాడండి. ఈ భాగం మాత్రం పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. ఆట నడుస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదమున్నది. ఇన్వర్టరు ఉంటే దానికి కలపండి, లేకుంటే కార్డుకు ఒక నకలు తీసి దాచండి.

మన వేసవి సంగతి వేరే చెప్పాలా? 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మూసిన పెట్టెలో వేడి ఇంకా పెరుగుతుంది. 80 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆ చిన్న కంప్యూటర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. వెనుక పలకకు కిందా పైనా రంధ్రాలు వేసి, గోడకూ పెట్టెకూ మధ్య ఒక అంగుళం సందు వదిలితే కింద చల్లగాలి లోపలికి వెళ్లి, పైన వేడిగాలి బయటికి పోతుంది. బల్లులూ ఎలుకలూ దూరకుండా రంధ్రాలకు సన్నని జాలీ కొట్టండి.

ఏ ఆటలు?

పాత ఆటలను కంప్యూటర్లో నడిపే ‘మేమ్’ అనే ఉచిత ప్రోగ్రాము 1997లో వచ్చింది. ప్రోగ్రాము ఉచితమే గాని ఆటలకు యజమానులున్నారు. ఎవరో కార్డులో నింపి ఇచ్చిన వేలాది ఆటలు చాలా వరకు అనుమతి లేని నకళ్లు. బిడ్డకు నీతి చెప్పే పెట్టెను దొంగ సరుకుతో నింపడం మాదిరి కాదు. కొన్నవి, లేదా హక్కుదారులు ఉచితంగా ఇచ్చినవి మాత్రమే పెట్టండి. పది ఆటలు చాలు.

అంతకంటే మంచి మాట ఒకటున్నది. అమెరికాలోని మసాచుసెట్స్ విద్యాసంస్థ 2007లో పిల్లల కోసం ‘స్క్రాచ్’ అనే ఉచిత సాధనాన్ని అందించింది. రంగురంగుల ముక్కలను ఒకదానికొకటి తగిలిస్తే ఆట తయారవుతుంది. ఎద్దు కంకులు తినకుండా తరిమే ఆటనో, ఎక్కాలు తప్పు చెబితే బండి ఆగిపోయే ఆటనో మీ అమ్మాయి తానే చేయగలదు. తాను చేసిన ఆటను తమ్ముడు ఆడుతుంటే వెనుక నిలబడి చూసే బిడ్డ, ఆడటం కంటే చేయడంలో ఎక్కువ ఆనందముందని తెలుసుకుంటుంది.

ఇంటి నియమాలు

పెట్టె నిలబెట్టిన రోజునే నియమాలు కూడా నిలబెట్టండి. ఒక ఆట ఓడితే పక్కకు తప్పుకోవాలి, వంతు తరువాతివారిది. ఒంటరిగా ఆడేవారికి గడియారం చూసి అరగంట. పరీక్షల రోజుల్లో ప్లగ్గు నాన్న దగ్గర. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సలహా ఇచ్చింది. చంటిబిడ్డను ఎత్తుకుని ఆడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పెద్దలు కూడా వారానికి ఒకసారైనా రెండవ పిడి పట్టుకోవాలి. తండ్రి ఓడిపోతే పిల్లలకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

ఖర్చంతా ఒక్కసారి పెట్టనక్కరలేదు. ఈ నెల అట్టపెట్టె. పంట డబ్బు చేతికొచ్చాక ప్లైవుడ్, బండ. ఆ పైన మీటలూ పిడులూ. చివరికి కంప్యూటర్. ఎండాకాలం సెలవులకు సిద్ధమయ్యేలా చూసుకుంటే చాలు. పని మొదలుపెట్టిన రోజున టేపు ఒక చివర మీరు పట్టుకోండి, రెండవ చివర బిడ్డ చేతికివ్వండి.